ఐదో నంబరు డిస్కు

డెబ్బై మూడు శాతం. ఇందాక చూసినప్పుడూ డెబ్బై మూడే. తెర వైపు చూడకుండా నూరు లెక్కపెడదామనుకున్నాను, నలభై దగ్గరే కళ్ళు అటు పోయాయి. గోడ గడియారంలో రెండు ఇరవై. ఈ లెక్కన ఇంకో గంట. గంటంటే ఎంత, బయట కారిడార్లో పేరు పిలిచేదాకా మనుషులు గంటలు గంటలు కూర్చోవడం లేదూ, కానీ వాళ్ళకి కుర్చీలున్నాయి, విసుక్కోవడానికి పక్కన మనుషులున్నారు, నాకు ఈ గదిలో ఫ్యాన్ల హోరు, మూడు ర్యాకులు, స్వెట్టర్ మీద కప్పుకున్న శాలువా, అంతే. నా సీటు దగ్గర కూర్చున్నా ఈ అంకె కనబడుతుంది. కూర్చోలేకే వచ్చాను. ఇక్కడ నిలబడితే అదేమన్నా త్వరగా కదులుతుందా, కదలదు, అయినా కాలుగాలిన పిల్లిలా ర్యాకుకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను, తలుపు దాకా ఏడు అడుగులు, తిరిగి ఏడు. ఈ ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా తీసిన ప్రతి స్కానూ ప్రతి ఎక్స్‌రే ఇదిగో ఈ సర్వర్లో, వరసగా నిలబెట్టిన ఎనిమిది డిస్కుల్లో ఉంది. ఏ ఒక్క దాంట్లోనూ పూర్తి బొమ్మ ఉండదు, అన్నింట్లో తలా కాస్త. ఎనిమిదిలో రెండు పోయినా మిగిలిన ఆరు కలిసి లెక్కగట్టి, పోయినవాటిలో ఏముండేదో చెప్పేస్తాయి. మూడోది పోతే ఇక చెప్పలేవు. ఇప్పుడు సరిగ్గా రెండు లేవు. ఒకటి తనంతట తను చచ్చింది. రెండోదాన్ని నేను చంపాను.

డెబ్బై నాలుగు. అమ్మయ్య. పదకొండున్నరకి జరిగింది, పదకొండున్నర నుంచీ ఇదే పని, జరిగినదాన్ని మళ్ళీ మొదటి నుంచి తిప్పి చూసుకోవడం. డిస్కులన్నిటి మీదా పెత్తనం చేసే కార్డు ఒకటి లోపల ఉంటుంది, కంట్రోలర్, ఏది బతికుందో ఏది పోయిందో అదే చెప్పాలి. ఐదు పోయిందని చెప్పింది. కొత్త డిస్కు తెచ్చాను. సర్వర్ని ఆపక్కర్లేదు, నడుస్తుండగానే పాతది లాగి కొత్తది తొయ్యడమే, ఇన్నేళ్ళలో ఎన్ని చేశానో, కళ్ళు మూసుకుని చేస్తాను, కళ్ళు మూసుకునే చేశానేమో. ఐదో నంబరు గడి ముందు నిలబడ్డాను. పోయిన డిస్కు దగ్గర ఎర్రదీపం వెలగాలి, కానీ నాలుగేళ్ళ కిందట కరెంటు ఎగిసిపడిన రోజు నుంచీ ఈ ముందు పలక మీద ఒక్క దీపమూ లేదు, కొత్త పలక కావాలని మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చూద్దామన్నారు. కాబట్టి అంకే దిక్కు. ఐదు. గొళ్ళెం నొక్కి, అంగుళం లాగి, ఆగాను. లోపలి పళ్ళెం తిరగడం ఆగేదాకా అర నిమిషం అలా ఉంచాలి, అప్పుడే పూర్తిగా తియ్యాలి. వేళ్ళ కింద అది తిరుగుతూనే ఉంది. బొంగరం చేతిలోకి తీసుకుంటే అరచేతిని పక్కకి నెడుతుందే, అలా నెట్టింది. చచ్చిన డిస్కుకి ఇంత ఊపేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది, నిజం, అబద్ధం చెప్పను. అనిపించినా ఆగలేదు. అప్పుడే సైరన్ లేచింది. తెర మీద ఐదు పోయింది అన్న మాట అలాగే ఉంది, దాని పైన కొత్త వరస: నాలుగు కనిపించడం లేదు.

వెంటనే తిరిగి పెట్టేశాను, పెడితే మాత్రం, ఈ కంట్రోలర్ ఒకసారి గడప దాటినవాణ్ణి నమ్మదు, నువ్వెవరో నాకు తెలియదు, నీలో ఉన్నదంతా చెరిపేసి మొదటి నుంచీ రాస్తానంటుంది. ఆ రాతే ఇప్పుడు డెబ్బై నాలుగు దాకా వచ్చింది. ఇంతలో ఒకటో నంబరు డిస్కు నీరసపడుతోంది, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలా ఒకచోట ఆగి, మళ్ళీ చదివి, ఎలాగో ముందుకి పోతోంది, అలా తడబడ్డ ప్రతిసారీ తెర మీద లెక్క పెరుగుతుంది, పొద్దున తొమ్మిది ఉండేది, ఇప్పుడు ముప్పై ఒకటి. అది గనక చేతులెత్తేస్తే పదకొండేళ్ళూ గోవిందా. టేపుల మీద నకలుంది, ఉందనే నెలనెలా సంతకం పెట్టాను, తిరగెక్కించి ఒక్కసారైనా చూశానా, చూడలేదు, పైగా అందులో పోయిన నెలన్నరది లేనే లేదు. సైరన్ నోరు నొక్కేశాను. పెద్దసారుకి, అంటే మా విభాగం పెద్దకి, డిస్కు మార్పిడి నడుస్తోంది సార్, కాస్త నెమ్మదిగా ఉంటుంది అని ఫోన్లో చెప్పాను. అందులో అబద్ధమేముంది. తేలు కుట్టిన దొంగకి ఇంతకన్నా మంచి మాట దొరకదు.

గోడ మీది ఫోన్ మోగింది. స్కాన్లు చూసే డాక్టరమ్మ. "పాతవి తెరుచుకోవడం లేదేంటమ్మా? పోయినేడాది తీసింది పక్కన పెట్టుకుంటేగా గడ్డ పెరిగిందో లేదో తెలిసేది! ఆవిడ ఎదురుగా కూర్చునుంది." "వస్తాయి మేడం, కాస్త టైం పడుతుంది." "ఎంత?" "గంట." "వస్తాయా, రావా, అది చెప్పు ముందు." వస్తాయన్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడెవరో, ఒళ్ళో సంచి పెట్టుకుని డాక్టరమ్మ ముఖంలోకి చూస్తూ ఉంటుంది, తన పోయినేడాది బొమ్మ ఒకటో నంబరు డిస్కు తడబాటు మీద వేలాడుతోందని ఆవిడకేం తెలుసు. ముప్పై మూడు. శాతం కాదు, తప్పుల లెక్క. శాతం డెబ్బై ఏడు.

ఐదు తీశాను కదా. తీశాననే అనుకుంటున్నాను. కంట్రోలర్ మాత్రం నాలుగంటోంది. చెయ్యి పక్కకి పోయిందా, కంగారు పడ్డానా, పొద్దున కంగారు పడేంత పనేమీ లేదే, నిద్ర చాలలేదా, చాలింది, కళ్ళజోడు తుడుచుకోలేదా. కంగారులో చెయ్యి పక్కకి పోయి ఉండొచ్చు. ఈ మాట ఎక్కడిదో నాకు తెలుసు. పదకొండున్నర నుంచీ ఆ మాట చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాను, దగ్గరికి పోకుండా. మూడేళ్ళ కిందట, ఇదే సర్వర్, ఇదే ఐదో నంబరు. అప్పుడు గదిలో నిలబడ్డది నేను కాదు, మా మరిది. నా చెల్లెలి మొగుడు. ఇక్కడ ఉద్యోగం వేయించింది నేనే, మావాడు నమ్మకస్తుడు సార్ అని పెద్దసారుకి హామీ ఇచ్చి మరీ. అందరూ నిదానం అని పిలిచేవాళ్ళు, ఎదురుగానే, అతనూ పలికేవాడు. మేం తిని చేతులు కడుక్కుని కబుర్లలో పడేసరికి అతను ఇంకా రెండో ముద్ద కలుపుతుండేవాడు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, ఇంకోసారి లాగి చూసి, అప్పుడు మెట్లు దిగేవాడు. మీతో సినిమాకి బయల్దేరితే విశ్రాంతి నుంచే చూడాలి అని మా చెల్లి ఏడిపించేది. ఆ రోజు నేను కింద నా సీటులో తెర ముందున్నాను, అతను ఇక్కడ, మధ్యలో ఫోన్. "ఐదు కదా వదినా?" అన్నాడు. "ఐదే." "ఐదు మీద చెయ్యి పెట్టాను. ఇది ఇంకా తిరుగుతున్నట్టుంది వదినా, చేతికి తెలుస్తోంది." "అన్నీ తిరుగుతాయి. తియ్యి నాయనా, నీ నిదానంతో చంపకు." తీశాడు.

అప్పట్లో ఈ ఎనిమిదింటికీ ఒకటి పోతే తట్టుకునే శక్తే ఉండేది. పోయింది ఒకటి, తీసింది ఒకటి, మొత్తం కూలబడింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఒక్క పాత బొమ్మ లేదు. తయారీవాళ్ళ మనిషి వచ్చి, సర్వర్ ఆపి, డిస్కులన్నీ బల్ల మీద పరిచి, వాటి ఒంటి మీది పొడుగాటి నంబర్లు చూసుకుంటూ ఎలాగో నిలబెట్టాడు. ఆ తర్వాతే రెండు పోయినా నిలబడేలా దీన్ని మార్చారు. ఇవాళ రెండు పోయి కూడా ఇది ఇంకా ఊపిరి పీలుస్తోందంటే అందుకే, అతని ఉద్యోగం పోయినందుకే. ఈ సంగతి పొద్దున్నుంచీ పది సార్లు తట్టింది, పది సార్లూ తలుపు వైపు ఏడు అడుగులు నడిచాను. విచారణలో బల్లకి అటు పెద్దసారు, ఇటు మేమిద్దరం. నేను ఐదు అని చెప్పాను సార్, అన్నాను. నిజమే. నేను ఐదే తీశాను సార్, అన్నాడు. "కంట్రోలర్ నాలుగంటోందయ్యా. దానికేమన్నా నీతో పాత పగా?" అన్నారు పెద్దసారు. అతను నా వైపు చూశాడు. నేనేదో ఒకటి అనాలి, అతన్ని గట్టెక్కించేదేదో, చిన్న పొరపాటని వదిలేయించేదేదో, నిజంగా అందుకే అన్నాను, అందుకే: "కంగారులో చెయ్యి పక్కకి పోయి ఉండొచ్చు సార్." నిదానానికి కంగారు. పెద్దసారు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నారు. మర్నాడు అతన్ని తీసేసిన కాగితంలో అదే కారణం, నా మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా. అతను బల్ల మీద పెట్టుకున్న తన కుడిచేతిని చూసుకున్నాడు, అంతే. ఎనభై మూడు.

చెల్లి అన్నది మాత్రం మర్చిపోను. "ఆయన కంగారు పడటం నువ్వెప్పుడైనా చూశావా?" ఒక్కటే ప్రశ్న, గుమ్మంలో నిలబడి. అప్పటి నుంచి ఫోను చేస్తే బాగున్నాం, పనిలో ఉన్నా, ఉంటాను, మూడే మాటలు. అక్కా అన్న పిలుపు ఆ మూడింట్లోకి ఎప్పుడూ రాలేదు. అతను ఇప్పుడు దుకాణాల్లో కెమెరాలు బిగిస్తాడు, నిచ్చెనెక్కి, దిగి. ఎదురుపడితే ఏం వదినా బాగున్నారా అంటాడు, ఏమీ జరగనట్టే, దానికన్నా నాలుగు తిట్టినా బాగుండును. నాకు మాత్రం అతని మీద లోలోపల కోపం ఉండేది, ఒప్పుకోవాలంటే ఇవాళే ఒప్పుకోవాలి. ఇంతా చేసి ఒక్క అంకె సరిగా చూసుకోలేకపోయాడని, నా మాట పోగొట్టాడని. మూడేళ్ళు ఆ కోపం మీదే హాయిగా నిద్రపోయాను.

ముప్పై తొమ్మిది తప్పులు. ఎనభై అయిదు శాతం. ర్యాకుకి నుదురు ఆనించాను, ఇనుము చల్లగా ఉంది, కళ్ళకి ఎదురుగా నా స్టిక్కర్లు. ఒకటి, రెండు, మూడు, ఎనిమిది దాకా. ఎంత ముద్దుగా ఉంటాయో, తెల్లటి చదరం, మధ్యలో నల్లటి అంకె, పైన మెరిసే పొర. ఈ సర్వర్ వచ్చిన రోజున నేనే అంటించాను, దీని సొంత అంకెలు ఇనుము మీదే ఉబ్బెత్తుగా, చీమతలకాయంత, రంగు కూడా లేకుండా ఉండేవి, ఎవరికి కనబడతాయి. లేబుళ్ళ మిషను కొత్తగా తెప్పించుకున్న రోజులు, ఇంట్లో డబ్బాలకీ, ఆఫీసులో వైర్లకీ, చివరికి స్టేప్లర్‌కి కూడా పేరు అంటించాను, నిన్ను కూడా వదలదు జాగ్రత్త అని నిదానంతో అందరూ పరాచికాలాడేవాళ్ళు. ఐదో స్టిక్కరు మూల కాస్త లేచి ఉంది. ఎందుకు గోరు పెట్టానో తెలియదు, చేతికి ఏదో ఒక పని కావాలి, అంతే. గోరుతో గీకాను, లేచింది, లాగాను, జిగురు సాగుతూ వచ్చింది. కింద ఇనుము. ఇనుము మీద ఉబ్బెత్తు అంకె. వేలితో తడిమాను, చీకటేమీ లేదు, కనబడుతూనే ఉంది, అయినా తడిమాను. నాలుగు.

ఆరు పీకాను. కింద ఐదు. ఒకటి పీకాను. కింద గుండ్రంగా సున్నా.

సున్నా. ఇది సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఈ జాతి యంత్రాలన్నీ అంతేనని నాకు తెలియదా, పరీక్షలో రాసి మరీ వచ్చానే, పసిపిల్లలకి కూడా తెలుసే. తెలిసీ, ఎడమ నుంచి మొదలుపెట్టి, ఒకటి, రెండు అని పాడుకుంటూ, సొంత అంకెల మీదే, వాటిని కప్పేస్తూ, వంకర లేకుండా అంటించాను. వంకర లేకపోవడం గురించే ఆలోచించాను, ఇంకేమీ ఆలోచించలేదు. మిగతా సర్వర్లకి దీపాలున్నాయి, అక్కడ అంకెతో పని పడలేదు. ఇక్కడ దీపాలు పోయాక రెండే రెండుసార్లు పని పడింది. ఒకసారి అతనికి, ఒకసారి నాకు. అతను ఐదే తీశాడు. నేను ఐదు అన్నాను, అతను నా చేత్తో రాసిన ఐదు తీశాడు, తీసే ముందు అడిగాడు, చేతికి తెలుస్తోందని చెప్పాడు, ఆ గదిలో ఆ రోజు తప్పు చెయ్యనివాడు అతనొక్కడే. ఏడుపొచ్చింది. ఫ్యాన్ల హోరులో ఏడిస్తే ఎవరికీ వినబడదు, అదొక్కటీ ఈ గదిలో సుఖం.

తొంభై. తొంభై ఒకటి. ఇప్పుడు పరిగెడుతోంది ముదనష్టపుది, ఇప్పుడు నెమ్మదిగా పోవే అంటే. ఎందుకంటే నాకు నా సంగతి తెలుసు. నూరు వచ్చిందనుకో, నాలుగు బతికినట్టే. ఆ తర్వాత ఆరో స్టిక్కరు ఉన్న అసలు ఐదు తీసి, కొత్తది పెట్టి, ఒకటో నంబరు కూడా మార్చేసి, ఎనిమిది స్టిక్కర్లూ పీకి కొత్తవి సున్నా నుంచి అంటిస్తే పది నిమిషాల పని. లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, ఒక వరస ఉంటుంది, నాలుగు పోయింది, నాలుగు వచ్చింది, ఎవరు చదువుతారు దాన్ని, చదివేది నేనే. మాట దాటవేయడం నాకు చేతకాదా ఏమిటి, పొద్దున్నుంచీ అదేగా చేస్తున్నాను. అతనికెలాగూ ఇప్పుడు వేరే పని ఉంది, మూడేళ్ళ పాత గాయం, కెలికి ఏం లాభం, ఎంత చక్కటి మాటలు దొరుకుతాయో మనిషికి, దొరకాలేగానీ. కాళ్ళు తలుపు దాకా వెళ్ళి వచ్చాయి. నూరు వచ్చాక నేను చెప్పను. చెబితే ఇప్పుడే చెప్పాలి, ఇంకా అన్నీ పోయే వీలుండగానే.

పీకిన చోట్లు ఫోటో తీశాను, మొదటిది మసకగా వచ్చింది, రెండోది తీశాను. కింద పడేసిన మూడు స్టిక్కర్లూ వాటి పక్కనే పెట్టి ఇంకోటి. పెద్దసారుకి ఫోన్లోనే రాశాను, పదాలు వెతుక్కోకుండా, వెతికితే మంచివి దొరికేస్తాయని భయం. ఇవాళ పదకొండున్నరకి బాగున్న డిస్కుని తీశాను. కారణం, గడుల మీది అంకెలు ఒకటి చొప్పున తప్పు. అవి అంటించింది నేను. మూడేళ్ళ కిందటి విచారణలో కంగారులో చెయ్యి పక్కకి పోయిందని నేను చెప్పింది తప్పు. అతను నేను చెప్పిన నంబరే తీశాడు. ఆ కాగితం మార్చాలి. ఒకటో డిస్కు కూడా ప్రమాదంలో ఉంది. తొంభై ఆరు. నొక్కాను. వెళ్ళిపోయింది. ఇక అది నా చేతిలో లేదు, నా ఉద్యోగమూ లేదేమో, హామీ ఇచ్చినవాళ్ళెవరూ లేరు నాకు.

చెల్లికి చేశాను. ఆరోసారి మోగాక తీసింది. "చెప్పు, పనిలో ఉన్నా." "మీ ఆయన తీసింది ఐదే," అన్నాను. "నంబర్లు నేను తప్పు అంటించాను. ఇవాళ నేనూ అదే తీశాను. పెద్దసారుకి రాసి పంపాను, ఇప్పుడే." అటు నుంచి వినిపిస్తున్న కుట్టుమిషను శబ్దం ఆగిపోయింది. లైను పోయిందేమోనని ఫోను తెర చూసుకున్నాను, సెకన్లు నడుస్తున్నాయి. అప్పుడు అంది. "మూడేళ్ళ నుంచీ ఆయన గ్యాస్ కట్టేశాక నన్ను పిలిచి చూడమంటాడు. తాళం వేసి నన్ను లాగమంటాడు. అంతకుముందు తనే చూసుకునేవాడు, రెండుసార్లు, మూడుసార్లు, కానీ తనే. ఆ చేతిని తనే నమ్మడక్కా." అక్కా అంది. ఆ పిలుపుకి సంబరపడే అర్హత నాకు లేదు. "ఈ మాట నేను చెప్తే ఓదారుస్తున్నాననుకుంటాడు. ఇంట్లోనే ఉన్నాడు, నువ్వే చెప్పు." ఏమండీ అని కేక, చెప్పుల చప్పుడు, అటు ఏదో గుసగుస. తెర మీద తొంభై తొమ్మిది. చూపు తిప్పేసుకున్నాను.

"వదినా," అన్నాడు.

చెప్పాను. సున్నా సంగతి, స్టిక్కర్ల సంగతి, ఇవాళ నా అరచేతిలో అది తిరిగిన సంగతి, తిరుగుతోందని నువ్వు చెప్పావు, నేను వినలేదు. అతను మధ్యలో అడ్డు రాలేదు, ఎప్పుడూ రాడు. ఊపిరి మాత్రం వినబడుతోంది, లోపలికి, బయటికి, దేనికీ తొందర లేనట్టు. తర్వాత, ఆ రోజు ఫోన్లో అడిగినట్టే, సరిగ్గా ఆ గొంతుతోనే, ఒక్కో మాటా ఆనవాలు పట్టుకుంటున్నట్టు అడిగాడు.

"ఐదు కదా వదినా?"

"ఐదే," అన్నాను.

"ఇంకోసారి చెప్పండి."

"ఐదే నాయనా. నువ్వు తీసింది ఐదే."